పొలిమేర అడవి – పరదేశ ధనము

మన పెద్దలు ఏ సీమకు వలసపోయినను, గుడిసె వేయుటకు ముందు విచారించినవి రెండు: నీరు ఎంత దూరము, వంటచెఱకు ఎంత దూరము. కోలారు మెట్టలలో నిలిచినవారైనను, హోసూరు కొండల నడుమ సేద్యము పట్టినవారైనను, గంజాము, కొరాపుట్ మన్యములకు చేరినవారైనను, గోదావరికి ఆవల సిరొంచ దాపున నున్నవారైనను ఈ ప్రశ్నలను తప్పించుకొన్నవారు లేరు. తమ యూరు కదలకయే, ఎల్లలు మారి పొరుగు రాష్ట్రమునకు చెందినవారు మనలో పెక్కురు. వారికిని ఇదియే గతి. చెరువులను గూర్చియు, కాలువలను గూర్చియు చరిత్ర వ్రాసినవారు కలరు. వంటచెఱకు చరిత్రను, అనగా ఊరి పొలిమేర నున్న అడవి చరిత్రను వ్రాసినవారు అరుదు.

అందులోను గత యర్ధశతాబ్దిలో ఈ పొలిమేర అడవులకై స్వీడను, బ్రిటను, కెనడా, జపాను దేశములనుండియు, ప్రపంచ బ్యాంకునుండియు ధనము వచ్చినది. మొక్కలు నాటించిన కూలి మస్తరులలో మన యిరుగుపొరుగుల పేర్లున్నవి. మనము నివసించు రాష్ట్రములన్నింటను ఏదో యొక పేరుతో ఈ పథకములు నడచినవి. అయినను ఆ ధనము ఎందుకు వచ్చెను, ఏమి చేసెను, ఎట్లు పోయెను అను విషయము ఒకచోట చెప్పుకొన్నది లేదు. ఆ కథను మాకు తెలిసినంత మేరకు ఇచ్చట చెప్పదలచినాము. ఎంత ధనము వచ్చెనను లెక్క కన్న, అది వచ్చినప్పుడు అడవిపై మాట ఎవరికి చెల్లెను అను ప్రశ్నయే మాకు ముఖ్యముగా దోచినది.

ఈ ప్రశ్న పరదేశ ధనముతో పుట్టినది కాదు. ఊరివారు పుల్లలు ఏరుకొనుట, పశువులను తోలుకొనుట, ఎరువునకు ఆకు కోసికొనుట హక్కులా, ప్రభువు దయయా అను వివాదము చెన్నపట్టణ రాజధానిలో పందొమ్మిదవ శతాబ్ది యందే బయలుదేరెను. రివెన్యూ శాఖాధికారులే కొందరు ఊరివారికి హక్కులున్నవని వాదించిరి. అందుచేతనే 1878 నాటి భారత అటవీ చట్టమునకు చెన్నపట్టణము లోబడక, నాలుగేండ్ల పిదప 1882లో తనకు వేరు చట్టము చేసికొన్నది. చట్టము వేరైనను ఫలము వేరు కాలేదు. అడవులు రిజర్వులయ్యెను, మేతకు పుల్లరి, పుల్లకు రుసుము, ఆకుకు జుల్మానా వచ్చెను. 1921–22లో పలనాటి రైతులు పుల్లరి కట్టమని నిలిచిన సంగతియు, 1922లో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు నేలకొరిగిన సంగతియు చదువరులకు చెప్పనక్కరలేదు. ఆ కాలముననే కొన్ని తావుల ఊరి దాపు అడవులను పంచాయతీలకు అప్పగించు ప్రయత్నమును చెన్నపట్టణ ప్రభుత్వము చేసెను. అందుచేత ఊరి కమిటీ అడవిని కాచుననుట స్టాక్‌హోముననో వాషింగ్టనుననో పుట్టిన యూహ యని యెవరైన ననినచో మనము నమ్మనక్కరలేదు.

స్వరాజ్యము వచ్చిన పిదపను ఈ విషయమున తలంపు మారలేదు. 1952 నాటి జాతీయ అటవీ విధానము, అడవి పక్కన నున్న యూరి యవసరము జాతి ప్రయోజనమునకు అడ్డు రారాదని చెప్పినది. జాతి ప్రయోజనమన నాడు కాగితపు మిల్లు, రైలు పట్టాల కింది దుంగ, రేయాను గుజ్జు. 1976లో జాతీయ వ్యవసాయ సంఘము తన నివేదికలో సామాజిక అడవుల మాట నెత్తినప్పుడును ఆ లెక్కయే లోపల నున్నది. ఊరివాడు తన వంటచెఱకు తాను పెంచుకొన్నచో రిజర్వు అడవికి రాడు. ఆ అడవి పరిశ్రమకు మిగులును. ఇది యెంత సూటియైన లెక్కయో, అంత కఠినమైన లెక్క.

సరిగా ఆ సమయముననే పడమటి దేశములలో వేరొక భయము పుట్టెను. 1973లో చమురు ధర పెరిగిన పిదప, బీద దేశములకు చమురు కన్న పెద్ద కొరత వంటచెఱకుదే యని 1975లో ఎరిక్ ఎక్‌హోమ్ అను అమెరికా రచయిత హెచ్చరించెను. ఆ మాట ధనమిచ్చు సంస్థలలో నాటుకొన్నది. 1978లో ప్రపంచ బ్యాంకు తన అటవీ విధానమునే మార్చుకొని, ఊరి యడవులకు ఋణమిత్తునని ప్రకటించెను. అంతకు మూడేండ్ల ముందు అదే బ్యాంకు సాయముతో బస్తరులో మొదలిడిన పని మన కొరాపుట్ సోదరులకు బాగుగ తెలిసియుండును. గుగ్గిలపు చెట్లు కొట్టించి, కాగితపు గుజ్జునకై ఉష్ణదేశపు పైన్ చెట్లు నాటవలెనని ఆ పథకము. గుగ్గిలము నీడ, నూనె గింజ, గుగ్గిలము, దేవత – అన్నియు నైన యడవి అది. గిరిజనులు ఎదిరించిరి. 1981లో ఆ పథకమును విడనాడిరి. ఈ చేదు అనుభవము వెనుకనుండగా సామాజిక అడవుల పథకములు మన రాష్ట్రములకు వచ్చినవి.

తమిళనాట 1981లో స్వీడను ప్రభుత్వ సహాయ సంస్థ ధనముతో ఈ పని ఆరంభమయ్యెను. చెరువు గర్భములలోను, పోరంబోకులలోను నల్లతుమ్మను విరివిగా నాటించిరి. తుమ్మ మొండి చెట్టు. కొంతకాలము నీట మునిగినను బ్రతుకును, ఎండినను బ్రతుకును. కోతకు వచ్చినప్పుడు వేలము వేసి, ఆదాయములో పంచాయతీకి వంతు నిచ్చిరి. పంచాయతీకి రూకలు చేరినవి. కాని పొయ్యిలోనికి పుల్ల కావలసిన యింటికి వేలపు పాటలో చోటెక్కడిది?

కోలారు కథ కొంత విస్తరించి చెప్పవలసియున్నది. శ్రీనివాసపురము, ముళబాగిలు, బాగేపల్లి ప్రాంతములలో తెలుగు ఇంటి భాషగా నున్న రైతు కుటుంబములు వేలకొలది కలవు. అచ్చట ప్రతి యూరికిని గుండుతోపు అనునది యొకటి యుండెడిది. మామిడి, చింత, నేరేడు, కానుగ చెట్ల తోపు. సంతకు పోవు బండ్లు ఆగుటకు, ఊరి తీర్పులు జరుగుటకు, పెండ్లివారు దిగుటకు అదియే చోటు. దాని కాయల వేలము ఊరి ఖర్చులకు పనికివచ్చెడిది. మెట్ట చేలలో రాగి, అనుములు, కంది కలిపి వేసెడివారు. రాగి గడ్డి పశువులకు, రాగి సంగటి మనుష్యులకు.

1970ల చివరనుండి ఈ మెట్టలపై నీలగిరి చెట్టు వ్యాపించెను. ఆంధ్రదేశమున జామాయిలని పిలుచునది ఇదియే. రేయాను గుజ్జు మిల్లులు దానిని కొనుటకు సిద్ధముగ నుండెను. నాటిన మూడు నాలుగేండ్ల వఱకు కూలి యక్కరలేదు, పశువు మేయదు, కాపలా వలదు. పట్టణములో ఉద్యోగము చేసికొను భూస్వామికి ఇంతకన్న సుఖమైన సేద్యము లేదు. 1981లోనే బెంగుళూరు పండితులు కొందరు జిల్లాను పరిశీలించి, రాగి భూములు చెట్ల పాలగుచున్నవనియు, కూలీలకు పని తగ్గుచున్నదనియు వ్రాసిరి. అయినను 1983లో ప్రపంచ బ్యాంకు, బ్రిటిషు ప్రభుత్వము కలిసి కర్ణాటక సామాజిక అడవుల పథకమునకు ధనమిచ్చినవి. మొక్కలు ఉచితముగనో స్వల్ప ధరకో దొరికినవి. ఊరుమ్మడి తోపులకై వేసికొన్న లెక్క వెనుకబడినది; సొంత చేలలో నాటిన నీలగిరి లెక్కను మించినది. ఎవరికి భూమి గలదో వారికే మొక్క చేరినది.

అదే 1983 ఆగస్టులో తుమకూరు జిల్లాలో రైతులు గుంపుగా అటవీ శాఖవారి నారుమడికి పోయి, నీలగిరి మొక్కలను పెఱికివైచి, వాని చోట చింత గింజలు, మామిడి టెంకలు నాటిరి. ఏ చెట్టు నాటిరో చూడుడు. అది గుండుతోపు చెట్టు. నీలగిరి భూగర్భ జలమును పీల్చునా లేదా యను చర్చ పండితుల నడుమ పలుయేండ్లు సాగినది; ఇరుప్రక్కల లెక్కలు చూపిరి. బావులు ఇంకిపోవుటకు కారణమిదియొక్కటియే యని మేమును చెప్పజాలము. గొట్టపు బావులకును అందు వంతు కలదు. కాని 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నీలగిరి నాటుటను నిషేధించినది. రైతులు పెఱికివేసిన ముప్పదినాలుగేండ్లకు ప్రభుత్వము వారి మాటకు వచ్చెను.

పొయ్యి చెప్పిన లెక్క ఇట్లు తప్పగా, వంగదేశమునుండి వేరొక దారి కనబడెను. మేదినీపుర ప్రాంతమున ఆరాబారీ అనుచోట అజిత్ కుమార్ బెనర్జీ అను అటవీ యధికారి 1970ల ఆరంభమున చుట్టుపట్ల యూళ్లవారితో ఒప్పందము చేసికొనెను. కొట్టివేయబడిన గుగ్గిలపు మోళ్లను మీరు కాచుడు, కలప యమ్మినప్పుడు నాల్గవవంతు మీదని మాట యిచ్చెను. మొక్క నాటుట కాదు, మోడును వదలుట; అంతే. మోళ్లు చిగిర్చినవి. 1988లో వచ్చిన క్రొత్త జాతీయ అటవీ విధానము 1952 మాటను తిరుగవేసి, అడవి దాపు ప్రజల యవసరములే మొదటివని చెప్పినది. 1990 జూన్ 1న కేంద్ర ప్రభుత్వము ఉమ్మడి అటవీ యాజమాన్యమును గూర్చి రాష్ట్రములకు ఉత్తరువు వ్రాసినది. ఫోర్డు ఫౌండేషను ఈ పద్ధతిని పలు రాష్ట్రములలో అధ్యయనము చేయించి, అధికారులను, పండితులను ఒకచోట చేర్చుటకు సాయపడెను. ఇది ధనములో చిన్నది, ప్రభావములో పెద్దది.

ఆ వెనువెంటనే పెద్ద ధనము దిగినది. మహారాష్ట్రమునకు 1992లో ప్రపంచ బ్యాంకు ఋణము. కర్ణాటక పడమటి కనుమలకు బ్రిటిషు సహాయము. తమిళనాటికి 1997నుండి జపాను ఋణము. ఆంధ్రప్రదేశమున 1992లో ఉత్తరువు వెలువడి వన సంరక్షణ సమితులు ఏర్పడెను. వానికై 1994లో ప్రపంచ బ్యాంకు సుమారు 7 కోట్ల 74 లక్షల డాలర్లును, 2002లో మరల సుమారు 10 కోట్ల 80 లక్షల డాలర్లును ఋణమిచ్చినది. ఇచ్చట ఒక మాట. స్వీడను, కెనడా, బ్రిటను ఇచ్చినవి దానములు. బ్యాంకు, జపాను ఇచ్చినవి తీర్పవలసిన అప్పులు, వడ్డీ స్వల్పమైనను. ఊరిలో బోర్డు మీద అన్నియు సహాయమనియే వ్రాసియుండును. అప్పు పేరుతో నాటిన చెట్టును కాచువానికి అది అప్పని తెలియకపోవుట మాకు వింతగా తోచును.

సమితి యెట్లు నడచెనో చూతము. కాగితము మీద ఊరివారు అధ్యక్షులు. కాని పద్దు పుస్తకము వద్ద అటవీ శాఖ యుద్యోగి యుండెను. కర్ణాటకమున గ్రామారణ్య సమితికి కార్యదర్శి అటవీ శాఖవాడే. పని యున్నన్నినాళ్లు కూలి వచ్చినది. గుంటలు త్రవ్విరి, రాతికట్టలు వేసిరి, చెక్‌డ్యాములు కట్టిరి. నమ్మిక కలుగుటకని ఊరికి ఒక సభాభవనమో, బోరుబావియో ముందుగా నిచ్చిరి. వలసపోవు కుటుంబములు కొన్నిచోట్ల రెండు మూడేండ్లు ఊరనే నిలిచినవి. ఇది చిన్న మేలు కాదు. తమిళనాట కొండవాలులలో జపాను ధనముతో త్రవ్విన ఇంకుడు చెరువులు క్రింది బావులకు నీరూరించినవని రైతులు చెప్పుదురు. కాని ప్రాజెక్టు ముగిసిన మరునాడు కూలి ఆగినది. కూలి ఆగిన చోట పెక్కు సమితులు పుస్తకములకే మిగిలినవి.

ఇంతకన్న గట్టి గాయము ఆంధ్ర మన్యములో తగిలినది. కొండరెడ్లు, కోయలు, సవరలు పోడు కొట్టుకొని జొన్న, సామ, కంది పండించుకొను నేలలు కాగితము మీద అడవియే. సమితుల పేరిట ఆ నేలలలో మొక్కలు నాటినప్పుడు పోడు పోయినది. గిరిజన సంఘములు మొరపెట్టినవి. రెండవ ఋణ సమయమున బ్యాంకువారు గిరిజనుల మేలునకు వేరు ప్రణాళిక యుండవలెనని షరతు పెట్టిరి. పోయిన నేల మాత్రము ప్రణాళికతో తిరిగిరాలేదు. భూమిపై హక్కు ఎవరిదని తేల్చకయే దానిపై చెట్టు ఎవరిదని పంచుకొనిరి. దోషమంతయు ఇచ్చటనే యున్నదని మా యభిప్రాయము.

ఇక ఒడిస్సాకు పోదము. గంజాము, బరంపురము తెలుగు కుటుంబములకు నయాగఢ్ కొండలు పరాయివి కావు. అచ్చటి ఊళ్లలో ఠెంగాపాళి యను నాచారము కలదు. ఠెంగా యనగా దుడ్డుకఱ్ఱ. పాళి యనగా వంతు. నేడు ఏ యింటివారు అడవిని కాచిరో, వారు సాయంకాలము ఆ కఱ్ఱను ప్రక్క యింటి గుమ్మమున నానించి పోవుదురు. తెల్లవారి తలుపు తీసి కఱ్ఱను చూచినవారిదే ఆ దినపు వంతు. మాట లేదు, చీటి లేదు. ఊరు పెద్దదైనచో కఱ్ఱలు రెండు, నాలుగు. వంతు తప్పినవారికి ఊరి సభలో తప్పు పడును. నాగలికి కొయ్య కావలెనన్నను, పాడెకు కట్టె కావలెనన్నను సభ యనుమతియే. కొన్ని యూళ్లలో మగవారు అలసి విడిచిన కాపలాను స్త్రీలు కఱ్ఱ పట్టి నిలబెట్టిరి.

కేశరపూర్ అను గ్రామమునకు పైన బింఝగిరి యను కొండ కలదు. 1970ల నాటికి అది బోడియై, ఊటలు ఎండిపోగా, ఊరివారును, చదువుకొన్న కొందరును పూని చుట్టుపట్ల గ్రామములను కూడగట్టిరి. 1982లో వృక్షజీవుల బంధుపరిషత్తు ఏర్పడెను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆ పరిషత్తును సత్కరించినది. అదే జిల్లా రణపూర్ ప్రాంతమున అయిదు గ్రామములు 1987నుండి ధాని కొండను కూడి కాచుచున్నవి. ఇట్టి గ్రామములు ఒడిస్సాలో వేలు. స్వీడను ధనము 1980లలో ఆ రాష్ట్రమునకును వచ్చి, ఊరుమ్మడి తోపులు వేయించినది. కాని కొండలమీది గుగ్గిలపు అడవిని నిలిపినది ఆ ధనము కాదు, ఈ కఱ్ఱ. 1988లో ఒడిస్సా ప్రభుత్వము ఊరివారి కాపలాను గుర్తించుచు ఉత్తరువిచ్చినది. అనగా ఢిల్లీ ఉత్తరువు కన్న రెండేండ్లు ముందు.

2006నుండి జపాను ఋణముతో పెద్ద పథకము ఒడిస్సాలో నడచినప్పుడు, సొంత కట్టుబాటుతో కాచుకొను సంఘములను వన సంరక్షణ సమితులుగా మార్చవలసివచ్చెను. కొన్ని గ్రామములు అందుకొనిరి. కొందరు, మేము కాచిన యడవికి మీ యుద్యోగి కార్యదర్శి యేల యని యడిగిరి. ఇది గర్వపు మాట కాదు. కఱ్ఱ గుమ్మమున నుండగా రిజిస్టరు పుస్తకము ఆఫీసున నుండుటలో గల భేదము వారికి తెలియును.

ఠెంగాపాళి యంతయు బంగారమని చెప్పుట న్యాయము కాదు. కాపలా మొదలిడిన నాడు మొదట నష్టపోయినది కట్టెమోపు అమ్ముకొను స్త్రీ, ఆవము కాల్చు కుమ్మరి. ప్రక్క గ్రామమువారు తరతరములుగ వచ్చుచున్న దారిని మూసినచోట తల పగిలిన కొట్లాటలు జరిగినవి. భూమి గలవాని పొయ్యికి చేలో కంపయైన నుండును, లేనివాని పొయ్యికి అడవియే దిక్కు. వేలంపాటలో పుల్ల దొరకని తమిళనాటి బీదయింటికిని, ఊరి కట్టుబాటులో మోపు కోల్పోయిన ఒడిస్సా యింటికిని కష్టము ఒకటియే.

పరదేశ ధనము సార్థకమైన తావు చూపుమని యడిగినచో, మేము యానాము వారిని గౌతమి యొడ్డుకు వచ్చి తూర్పునకు చూడుమందుము. కోరంగి పాయ చీలినచోటనుండి సముద్రము వఱకు మడ అడవి. ఉప్పునీట నిలిచి, వేళ్లను గాలికి ఎత్తి బ్రతుకు చెట్లివి. పీతకు, రొయ్యపిల్లకు ఊయల. అటవీ శాఖవారు పూర్వము ఈ యడవిని తుండ్లుగా విభజించి, ఒక్కొక్క తుండును మొదలంట నరికించి అమ్మెడివారు. మరల దానంతటదే పెరుగునని తలంచిరి. కాని నరికిన చోట ఎండ తగిలి నేల క్రుంగి పళ్లెమువలె నయ్యెను. పోటున వచ్చిన నీరు పాటున పోక నిలిచి, ఎండకు ఇంకి, ఉప్పు పేరుకొని, మొలక నిలువదాయెను. నింద మాత్రము చాలకాలము గేదెలను తోలిన, పుల్ల కొట్టిన బెస్తవాని మీదనే యుండెను.

1996నుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు, భారత కెనడా పర్యావరణ నిధి సాయముతో, తమిళనాట పిచ్చావరము, ముత్తుపేటలలోను, గోదావరి, కృష్ణా ముఖములలోను, ఒడిస్సాలోను ఈ పళ్లెములకు చికిత్స చేసిరి. చికిత్స మిక్కిలి సులభము. పాయనుండి ఒక పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల వాలుగా పిల్ల కాలువలు, చేపముల్లువలె నుండును. పోటు లోనికి వచ్చును, పాటు బయటికి పోవును, ఉప్పు కడుగుకొనిపోవును. పిల్ల కాలువల యొడ్డున మడ మొక్కలు నాటిరి. కాలువ ఎక్కడ తెగవలెనో, నీరు ఎటు ఒరుగునో చెప్పగలవాడు ఆ పాయలలో వల వేయువాడే. కాలువలు త్రవ్విన చేతులును అవే. అటవీ శాఖ, సంస్థ, గ్రామ సంఘము ముగ్గురును కూర్చుండి ఏటి పని ఏటికి నిర్ణయించుకొనిరి. కాలువ ఏటేట పూడును, ఏటేట తీయవలెను. అందుచేత పని ముగిసినదని చెప్పుటకు వీలులేదు.

ఆ 1996 నవంబరు 6వ తేది రాత్రి తుపాను యానాము, కాకినాడ తీరములను తాకినది. ఆ రాత్రిని మన కుటుంబములలో మఱచినవారు లేరు. 2004 డిసెంబరు 26న సునామీ పిచ్చావరము తీరమునకు వచ్చినప్పుడు, మడ వెనుకనున్న పల్లెలకు నష్టము తక్కువయని చూచినవారు చెప్పిరి. ఊరి యెత్తును, సముద్రమునుండి దూరమును కూడ లెక్కింపవలెనని కొందరు శాస్త్రజ్ఞులు తరువాత అభ్యంతరము చెప్పిరి; అదియు సబబే. ఊరివారు మాత్రము అటుపిమ్మట మడచెట్టును పొయ్యి కంటితో చూచుట తగ్గించిరి.

ఈ ధనము పోయిన తీరును చెప్పవలెను. 1998 మేలో పోఖరానులో అణు పరీక్షలు జరిగినవి. స్వీడను తన సహాయపు ఒడంబడికను రద్దు చేసికొన్నది. జపాను క్రొత్త ఋణములను కొన్నియేండ్లు ఆపినది. 2003లో మన ప్రభుత్వమే కొన్ని పెద్ద దేశములు తప్ప తక్కినవారి చిన్న సహాయములు వలదని నిర్ణయించినది. ఆ పట్టికలో కెనడా లేదు. దేశముల నడుమ గౌరవ విషయము అది, మేము తప్పుపట్టము. కాని రాజస్థాను ఎడారిలో జరిగినదానికిని కొండవాలున మొక్కకు నీరు పోయు మనిషికిని ముడి యెట్లు పడెనో ఆ మనిషికి చెప్పినవారు లేరు.

తరువాత వచ్చినది ధనము కాదు, చట్టము. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టమును చేసినది; 2008నుండి అమలులోనికి వచ్చినది. ఊరుమ్మడి యడవిని కాచుటకును, వాడుకొనుటకును గ్రామసభకు హక్కు కలదని అందున్నది. గడ్చిరోలి జిల్లాలో మెంఢా అను గోండు గ్రామము, 1980లలో గోదావరి, ఇంద్రావతులపై తలపెట్టిన ఇచ్చంపల్లి, భోపాలపట్నము ఆనకట్టలను ఎదిరించిన యుద్యమములో మేల్కొన్న యూరు. దేవాజీ తోఫా మొదలగువారి నాయకత్వమున అచ్చట ఏ నిర్ణయమైనను ఊరంతయు ఒప్పినగాని చేయరు. 2009లో సుమారు 1,800 హెక్టారుల యడవిపై ఆ గ్రామసభకు హక్కుపత్రము వచ్చెను. 2011 ఏప్రిలులో వెదురు తరలించు అనుమతి పుస్తకము గ్రామసభ చేతికే నిచ్చిరి. అంతవఱకు ఆ పుస్తకము అటవీ శాఖ బీరువాలో నుండెడిది. పలనాటివారు పుల్లరి యడ్డగించిన తొంబదియేండ్లకు ఈ మార్పు వచ్చినది.

ఆ జిల్లా దక్షిణ కొస సిరొంచ. అచ్చట మన భాష వీథి భాష. ఇక్కడనే మన కుటుంబములకు సంబంధించిన చిక్కు మొదలగును. ఈ చట్టము క్రింద షెడ్యూల్డు తెగ కానివాడు హక్కు కోరవలెనన్న, 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరములు, అనగా 75 సంవత్సరములు, అడవి నాశ్రయించి యున్నట్లు చూపవలెను. తెగవాడైనను ఆ రాష్ట్రపు పట్టికలో తన తెగ యుండవలెను. లంబాడీ యొకడు తెలంగాణములో తెగ, కర్ణాటకమున షెడ్యూల్డు కులము, మహారాష్ట్రమున ఈ రెండును కాని విముక్త జాతి. మనిషి యొకడే, ఎల్ల దాటినంతనే అడవిలో వాని హక్కు మారినది.

75 సంవత్సరములు వెనుకకు లెక్కించినచో 1930. ఆ యేట కొరాపుట్ సీమ విశాఖపట్టణము జిల్లాలోనిది. ఒడిస్సా రాష్ట్రము 1936లో గాని పుట్టలేదు. హోసూరు సేలము జిల్లాలోనిది. సిరొంచ మధ్యరాష్ట్రములలో చాందా జిల్లాలోనిది. కావున నేడు ఒరియాలో నడచు కచ్చేరీకి చూపవలసిన కాగితము చెన్నపట్టణ రాజధాని దస్త్రములలో వెదుకవలసియున్నది. చట్టపు నిబంధనలు ఉదారముగనే యున్నవి. పాత సర్వే పటములు, గెజెటీరులు, జనాభా లెక్కలు సాక్ష్యమే. పాత బావి, సమాధి, గ్రామదేవత గద్దె సాక్ష్యమే. హక్కు కోరువాడు కాక వేరొక వృద్ధుడు చెప్పి వ్రాయించిన వాఙ్మూలము సాక్ష్యమే. వంశవృక్షము సాక్ష్యమే.

మన యిండ్లలో పెట్టెల యడుగున నున్న శిస్తు రసీదులు, భాగపత్రములు, పుల్లరి చీటీలు ఇంకను చెదలు తినకున్నచో, అందు పెక్కింటి వ్రాత తెలుగు. వానిని చదువగల తాతలు తగ్గిరి. మనుమలు ఒరియా, కన్నడము, తమిళము, మరాఠీ బడులలో చదివిరి. గ్రామసభలో ఒక చీటిని బిగ్గరగా చదివి, ఇందు ఫలాని గట్టు పేరున్నదని చెప్పగలవారు ఒక్కరున్నను ఆ కుటుంబపు అర్జీ నిలుచును. మన సంఘమువారు ఈ వేసవిలో పాత కాగితములను చదివి నకలు తీసియిచ్చు పనిని తలపెట్టినచో, మా వద్ద నున్న కట్టను మొదట మేమే తెచ్చి యిత్తుము.